చనిపోయినవాళ్లను తగ్గించే ఉద్యోగం

పెళ్లిచూపుల రోజు మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, అమ్మాయి ఏం ఉద్యోగం చేస్తుందని. సర్కారు నౌకరి అని మా నాన్న ఛాతీ విరుచుకుని చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఏదైనా పూర్తిగా చెప్పకపోతే ఆయనకు తృప్తి ఉండదు. "పాత యుద్ధాలల్ల ఎంతమంది సిపాయిలు చచ్చిండ్రో లెక్కగడ్తది" అన్నాడు. అత్తగారు మిక్చర్ ప్లేటు కింద పెట్టి, ఇప్పుడు ఎక్కడ కొట్టుకుంటున్నారని భయంగా అడిగింది. అన్నీ రెండు మూడు వందల ఏళ్ల కిందటివేనని లోపలి గదిలోంచి నేనే అరిచి చెప్పాను. అయితే వాళ్లు ఎటూ పోరు, సెలవులు బాగానే దొరుకుతాయి కదా అని ఆవిడ తేలికపడింది. పెళ్లి కుదిరింది.

సెలవులు మాత్రం దొరకలేదు. ముప్పై మూడేళ్లు ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా బస్సుల్లో, జీపుల్లో, కాలినడకన తిరిగాను. మా ఆఫీసు చరిత్ర పరిశోధన శాఖలో ఒక మూల గది. ఎక్కడైనా పాత యుద్ధభూమి దగ్గర బోర్డు పెట్టాలన్నా, జిల్లా చరిత్రలో ఒక పేరా రాయాలన్నా, అక్కడ ఎందరు చనిపోయారో ఒక అంకె కావాలి. ఆ అంకె తేల్చడం నా పని. పక్క సెక్షన్ వాళ్లు నన్ను శవాల మేడం అనేవాళ్లు. మొదట్లో ఏడ్చాను, తరవాత ఆ పేరు పెట్టి పిలిస్తేనే పలికేదాన్ని.

ఈ మధ్య ఆ గదిలోకి కొత్తవాళ్లు చేరారు. అందులో ఒకమ్మాయి ఫోన్ చేసి, ఏమేం చదవాలి మేడం అని అడిగింది. చదవాల్సినవి ఆఫీసులో చెబుతారు. నేను రాసేది మిగతాది. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వచ్చినవి ఎప్పుడొచ్చాయో గుర్తులేదు, రానివి మాత్రం తేదీలతో సహా గుర్తున్నాయి, అవి రాస్తే మీ మనసు పాడవుతుంది.

అన్నం పెట్టి లెక్కపెట్టడం

నేను చేరినప్పుడు మా గదికి ఒక పెద్దాయన అధికారి. సారు అంటే చాలు, మా అందరికీ ఆయన ఒక్కడే సారు. నేను తీసుకెళ్లిన మొదటి కాగితంలో, ఒక కోట ముట్టడిలో పాతికవేల మంది చనిపోయారని ఉంది. పాత రాతల్లో ఎట్లా ఉంటే అట్లా ఎత్తి రాశాను. సారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "వీళ్లందరికీ అన్నం ఎవరు పెట్టిండ్రు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. చచ్చేముందు కనీసం పదిరోజులు వాళ్లు అక్కడ తిన్నారు కదా, రోజుకు ఎన్ని బస్తాల బియ్యం, ఎన్ని బండ్ల కట్టెలు, తాగడానికి ఏ వాగు, పోయి చూసి రమ్మన్నాడు. పోయి చూశాను. కోట కింద ఉన్నది ఒకే ఒక్క చిన్న బావి. ఎండాకాలం వస్తే అది ఊళ్లో మేకలకే చాలదని అక్కడివాళ్లు నవ్వారు. పాతికవేలను రెండువేలకు దించి తీసుకొస్తే సారు ఇంకా దించమన్నాడు. సున్నా రాయడానికి ఏం కష్టముంది అమ్మాయ్, ఆ సున్నాను కూర్చోబెట్టి మూడుపూటలా తినిపించాలి, అప్పుడు తెలుస్తుంది అనేవాడు.

అదే ఏడు కార్తీకమాసంలో ఒక ఆదివారం నన్ను పర్ణశాల తీసుకెళ్లాడు. గోదావరి ఒడ్డున వనభోజనాలు. ఒక గట్టు మీద నిలబెట్టి, ఇక్కడ ఎంతమంది ఉన్నారో కళ్లతో చూసి చెప్పమన్నాడు. తొమ్మిది వందలన్నాను. పక్కనున్న కొబ్బరికాయల ఆయన్ని అడిగితే రెండు వేలకు తక్కువ లేరన్నాడు. భోజనాలయ్యాక నాతో ఎంగిలి విస్తళ్లు లెక్కపెట్టించాడు. మూడు వందల పది. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లెక్కపెడుతున్న నన్ను చూసి సారు కడుపు పట్టుకుని నవ్వాడు. పండగపూట ఏ భయమూ లేని కళ్లే మూడింతలు చూస్తే, కత్తులు దూసిన రోజు భయపడ్డ కళ్లు ఎన్ని చూస్తాయో ఆలోచించమన్నాడు.

అప్పటినుంచి నేను ఏ అంకె చూసినా ముందు దానికి విస్తరి వేసేదాన్ని. ఇది మీకు కూడా పనికొస్తుంది. గెలిచినవాడు శత్రువుల శవాలను పెంచుతాడు, ఓడినవాడు తన శవాలను పెంచుతాడు, ఇద్దరికీ గొప్ప కావాలి. తగ్గించేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ తగ్గించే పని మనకు జీతమిచ్చి అప్పజెప్పారు. ఇంకోటి, ఎప్పుడూ ఒక్క అంకె ఇవ్వకండి. తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, రెండూ ఇవ్వండి. ఒక్క అంకె అడిగే పై అధికారికి పని తెలియదని అర్థం, అయినా గౌరవంగానే నవ్వండి.

ఇప్పచెట్టు మీదినుంచి పడ్డ సిపాయి

సారు ఎన్ని చెప్పినా తప్పులు నావి నేను చేసుకున్నాను. భద్రాచలం దాటి అడవిలోకి పోయాక ఒక గూడెం పక్కన నిలువురాళ్లు వరసగా పాతి ఉన్నాయి. లెక్కపెడితే నలభై ఒకటి. అక్కడికి దగ్గర్లోనే ఒక పాత పోరాటం జరిగిందని చదివి ఉన్నాను. ఒక్కో రాయి ఒక్కో వీరుడిదని నిశ్చయించుకుని, నలభై ఒక్క మంది అని రాసి, జీపెక్కి వచ్చేశాను. గూడెంలో ఒక్కరినీ అడగలేదు. వాళ్లకు కోయ భాష, నాకు తెలుగు, ఎందుకొచ్చిన అవస్థ అనుకున్నాను. చూస్తే వాళ్లకు రెండూ వచ్చు, ఒకటే వచ్చినదాన్ని నేనే.

మరుసటి ఏడు బోర్డు సరిచూడటానికి పోతే ఒక తాత నా చెయ్యి పట్టుకుని రాళ్ల మధ్యకు తీసుకెళ్లాడు. ఇది మా అమ్మది, ఇది చలిజ్వరంతో పోయిన మా చిన్నాయనది, ఇది ముసలితనంతో పోయిన పూజారిది అని ఒక్కో రాయినీ పరిచయం చేశాడు. ఆ గూడెంలో పోయిన పెద్దలందరికీ రాయి పాతుతారు. యుద్ధంతో దానికేం సంబంధం లేదు. చివరికి ఒక రాయి దగ్గర ఆగి, "ఈయన పడ్డ మాట నిజమే బిడ్డా. ఇప్పచెట్టు మీదికెల్లి పడ్డడు" అన్నాడు. నేను సిగ్గుతో తల దించుకుంటే తాత నవ్వడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మను సిపాయిని చేశానని గూడెమంతటినీ పిలిచి కోయలో చెప్పాడు, వాళ్లూ నవ్వారు. ఆ రోజు నాకు కోడికూర పెట్టి పంపారు. బోర్డు మీది అంకె నేనే దగ్గరుండి చెరిపించాను.

ఆ తాత కోప్పడి ఉంటే మర్చిపోయేదాన్నేమో. నవ్వాడు కాబట్టి ఈరోజుకీ గుర్తుంది.

దీపాల గది

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఉద్యోగంలో నాకు అసలు పాఠం ఆయన దగ్గరే దొరికింది. నేను పుట్టింది కొత్తగూడెంలో, గని కార్మికుల క్వార్టర్లలో. నాన్న బొగ్గుబావి దగ్గర ల్యాంపు రూములో పనిచేసేవాడు. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ల అక్కడ ఇచ్చి, అదే నంబరున్న దీపం తీసుకుని నెత్తికి పెట్టుకుంటాడు. షిఫ్టు అయ్యాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. గోడ నిండా కొక్కేలు. ఖాళీ కొక్కెం ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క.

నాన్నకు ఒక చాదస్తం ఉండేది. దీపం చేతికిచ్చినా, మనిషి "వచ్చిన" అని నోటితో అనేదాకా కొక్కేనికి తగిలించేవాడు కాదు. అలసిపోయి వచ్చినవాళ్లు విసుక్కునేవాళ్లు. కనిపిస్తున్న కదా అన్నా, ఇంకా ఏం చెప్పాలె అనేవాళ్లు. అయినా చెప్పాల్సిందే. క్వార్టర్లలో పిల్లలం బడి నుంచి ఇంటికి రాగానే గుమ్మంలో నిలబడి "వచ్చిన" అని అరవడం ఒక ఆటగా ఉండేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక సాయంత్రం నాన్నకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోయాను. షిఫ్టు దిగి అందరూ వెళ్లిపోయారు. రెండు కొక్కేలు ఖాళీ. నాన్న కుర్చీలోంచి కదల్లేదు. కిందికి మనుషులను పంపారు. కబురు క్వార్టర్లకు పాకి, ఆ ఇద్దరి భార్యలు గేటు దగ్గరకు వచ్చి కూలబడ్డారు. ఎవరో అప్పుడే శోకాలు అందుకున్నారు. గంటన్నర తరవాత ఆ ఇద్దరూ ఒకే సైకిల్ మీద, నెత్తిన దీపాలతో, చేతిలో లడ్డూలతో దిగారు. పక్క కాలనీలో బంధువుల నిశ్చితార్థమట. ఆలస్యమైందని బావి గేటు దగ్గర నుంచి నేరుగా భోజనాలకు పోయారు. దీపాలు నెత్తిమీద ఉన్న సంగతే మరిచారు.

నాన్న ఇద్దరి కాలర్లూ పట్టుకుని, ఒక్కొక్కడితో పదిసార్లు "వచ్చిన" అనిపించాడు. తరవాత గోడకు ఆనుకుని కూర్చుని నవ్వుతూ ఏడ్చాడు. ఆ భార్యలు మొగుళ్లను కొడుతూ లడ్డూలు తిన్నారు. ఇంటికి నడిచి వస్తుంటే నాన్న నాతో ఒక మాటన్నాడు. "దీపం రాలేదంటే మనిషి పోయిండని కాదు బిడ్డా. దీపం రాలేదు, గంతే."

ఆ మాట నేను విన్నాను, మర్చిపోలేదు. అయినా అవసరమైన రోజు వాడుకోలేదు. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

నేను చేసిన తీసివేత

ఎర్రుపాలెం అవతల, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒక ఊరు. మిరప, పత్తి వేస్తారు. పేరు రాయనని ఊరివాళ్లకు మాటిచ్చాను. ఊరి పక్క వాగు రేవులో ఒకప్పుడు ఇద్దరు చిన్న దొరల మనుషులు కొట్టుకున్నారని, ఈ ఊరినుంచి ఇంటికొక్కడు చొప్పున మూడు వందల మంది పోయారని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. వాగొడ్డున ఒక రాయి ఉంది. దాని పైన కుడి మూల విరిగిపోయింది. ఏటా పంట ఇంటికి చేరాక ఆ రాయిని కడిగి పసుపు రాస్తారు.

నేను మొదటిసారి పోయింది ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పటికి సారు రిటైరై ఊరెళ్లిపోయాడు, నాకు బాగా గర్వం వచ్చి ఉంది. రాయి మీద చదవగలిగిన మాటలు రెండే. పై వరసలో "మున్నూరు కా", అక్కడ రాయి విరిగింది. కింది వరస చివర "పడెను". మున్నూరంటే మూడు వందలు. కా అంటే కాల్బలం అయి ఉంటుంది, అంటే కాలినడకన పోరాడే సైన్యం. మున్నూరు కాల్బలం పడెను. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. పోయింది మూడు వందలని ఊరు చెబుతోంది, పడింది మూడు వందలని రాయి చెబుతోంది. రెండు అంకెలు కాదు, ఒక్కటే అంకె రాశాను. పైగా "వెళ్లినవారందరూ" అనే మాట నా సొంతంగా చేర్చాను. బోర్డు పడింది. ఊరివాళ్లు నాకు శాలువా కప్పారు.

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక మధ్యాహ్నం మా గదిలో అందరం ఒకేసారి తుమ్మడం మొదలుపెట్టాం. తల ఎత్తితే గుమ్మంలో ఒక పెద్దావిడ, ఆమె చేతిలో ఎండుమిరపకాయల సంచి. ఆ ఊరినుంచే బస్సెక్కి వచ్చింది. పేరు వీరమ్మ. డెబ్బై దాటిన మనిషి, ఇప్పటికీ తన చేను తానే చూసుకుంటుంది. సంచి నా బల్ల మీద పెట్టి, బోర్డు మీద అంకె రాసింది నువ్వేనా మేడం అని అడిగింది. నేనే అన్నాను. మళ్లీ శాలువానేమో అనుకున్నాను.

"పోయింది మూడొందలు, చచ్చింది మూడొందలు అని రాస్తివి. మరి మా ముత్తాత తాత ఎట్ల ఇంటికొచ్చిండు?" అంది.

అప్పుడు అసలు కథ చెప్పింది. వాళ్లింటి పెద్ద ఆ రోజు రేవునుంచి, పడిపోయిన ఒకాయన తలపాగా పట్టుకుని ఊరికి వచ్చాడు. ఆ రాయి వేయించింది కూడా ఆయన మోసుకొచ్చిన కబురుతోనే. అందుకని ఏటా రాయికి మొదటి పసుపు వాళ్లింటి ఆడవాళ్లే రాసేవాళ్లు. మిగతా ఇళ్లలో ఎవరి పెద్దలు ఏమయ్యారో ఎవరికీ గుర్తులేదు, ఈ ఒక్క ఇల్లే గుర్తుపెట్టుకుంది. నా బోర్డు పడ్డాక ఊరి పెద్దలు బోర్డును చదివి, తీసివేత చేశారు. మూడు వందల్లోంచి మూడు వందలు పోతే సున్నా. అందరూ చచ్చిన చోటునుంచి ఒకడు వచ్చాడంటే పారిపోయి వచ్చి ఉంటాడు. మొదటి పసుపు తీసేసి వేరే ఇంటికిచ్చారు. వీరమ్మ వాళ్లను వెనక్కొచ్చినోళ్లు అనడం మొదలుపెట్టారు. రాయి దాకా కడవతో నీళ్లు మోయవచ్చు, రాయిని ముట్టుకోకూడదు. ఆమె అత్త ఆ బెంగతోనే పోయింది.

"నాకు పైసలొద్దు, పేరొద్దు. నా మోకాళ్లు ఇంకో రెండేండ్లు ఆగుతయేమో. ఒక్కపాలి ఆ రాయికి పసుపు రాసి పోత" అంది వీరమ్మ.

యుద్ధంలో చచ్చినవాళ్లను లెక్కపెడుతున్నానని అనుకున్నాను కానీ, బతికున్నవాళ్ల మీద ఆ లెక్క పోయి పడుతుందని ఒక్కరోజూ అనుకోలేదు. చాలా సిగ్గేసింది. ఆమె కోసం అంకె మార్చలేనని, కానీ మొదటినుంచి మళ్లీ చూస్తానని చెప్పాను. మార్చమనడం లేదు, సరిగ్గా చూడమంటున్నానని ఆమె అంది. మిరపకాయలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఫ్లెక్సీ వెనక మాట

నెల రోజులు రాయి మీది ఆ రెండు మాటల చుట్టూ తిరిగాను, ఏమీ తేలలేదు. ఒకరోజు ఖమ్మంలో ఆటోలో ఇంటికి పోతున్నాను. సిగ్నల్ దగ్గర ఆగితే ఎదురుగా ఒక కల్యాణ మండపం బోర్డు. ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ దానికి సగం అడ్డంగా కట్టారు. ఫ్లెక్సీ పక్కన కనిపిస్తున్నది "మున్నూరు కా". అంతవరకే. మిగతాది నాయకుడి చెవి వెనక ఉంది.

నేను ఆటోలో గట్టిగా నవ్వాను. డ్రైవర్ భయపడి వెనక్కి చూశాడు. ఆ బోర్డు మీద ఏం రాసి ఉంది బాబూ అని అడిగితే, "మున్నూరు కాపు కల్యాణ మండపం మేడం, ఖమ్మంల ఎవరికి తెల్వదు?" అన్నాడు. అవును, ఎవరికి తెలియదు. మా క్వార్టర్లలో సగం ఇళ్లు మున్నూరు కాపులవే. నా పక్క బెంచీ స్నేహితురాలు మున్నూరు కాపుల అమ్మాయే. పుట్టినప్పటినుంచి కులం పేరుగా వింటున్న మాట, రాయి మీద కనబడగానే నాకు మూడు వందలయింది. యుద్ధం అనుకుని పోయాను కాబట్టి అంకె కనబడింది.

మర్నాడే వాగు దగ్గరకు పోయాను. ఏటవాలు ఎండలో రాయిని తడిపి చూస్తే, విరిగిన అంచు దగ్గర "పు" కింది కొమ్ము కొస మిగిలి ఉంది. కింది వరసలో "పడెను" ముందు నేను గీతలనుకున్నవి గీతలు కావు, "య్య". ఏదో పేరు చివర. మున్నూరు కాపు ఫలానా అయ్య పడెను. మూడు వందల మంది మనుషులైతే పడిరి అని ఉండాలి. కాల్బలం అనుకోబట్టి నాకు పడెను తప్పుగా తోచలేదు. ఆ రాయి ఒక్క మనిషిది. వీరమ్మ వాళ్ల పెద్ద తలపాగా తెచ్చింది ఆయనదే అయి ఉండాలి.

తక్కువలో తక్కువ ఒకరు అని తేలింది. ఎక్కువలో ఎక్కువ ఎంత? ఆ ఊరి పాత కరణంగారి ఇంట్లో ఒక కాగితాల కట్ట ఉంది. కాలువ పూడిక తీయడానికి ఇంటికొక్కడు చొప్పున వచ్చిన మగవాళ్ల పట్టీ. మొదటిసారి వచ్చినప్పుడు కూడా అది చూశాను, పూడిక మట్టితో నాకేం పని అని పక్కన పెట్టాను. ఈసారి మొదటి వరస చదివితే, "దండు పోయివచ్చిన మరుయేడు" అని ఉంది. పోయివచ్చిన. అంత స్పష్టంగా రాసి పెట్టారు పాపం. ప్రతి ఇంటికీ దండుకు పోయినవాడి పేరు, దాని పక్కన పూడికకు వచ్చినవాడి పేరు ఉన్నాయి, కూర్చుని లెక్కపెట్టాను. రెండు వందల ఎనభై నాలుగు ఇళ్లనుంచి పోయినవాళ్లే వచ్చి పూడిక తీశారు. పూడికకు వచ్చినవాడి పేరు లేని ఇళ్లు, తండ్రి బదులు కొడుకు వచ్చాడని రాసిన ఇళ్లు కలిపి పదహారు.

పదహారు మంది చనిపోయారని రాయబోయి, నాన్న మాట గుర్తొచ్చి పెన్ను ఆపాను. దీపం రాలేదు, అంతే. ఆ పదహారు ఇంటిపేర్లు పట్టుకుని అడవి వైపు ఊళ్లు తిరిగాను. తొమ్మిది ఇంటిపేర్లవాళ్లు దొరికారు. మా పెద్దలు వాగు దగ్గర ఏదో గొడవలో ఉండి, ఇటు వచ్చి పోడు కొట్టుకుని, పెళ్లిళ్లు చేసుకుని నిలిచిపోయారని వాళ్లు చెప్పారు. కొందరు ఇంకా ఆ ఊరివైపు చూసి దండం పెడతారు. నిశ్చితార్థం భోజనానికి పోయిన ఆ ఇద్దరిలాగే, వీళ్లు కూడా చెప్పకుండా పోయారు. ఇంత దూరం తిరిగినందుకు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. తొమ్మిది మందిని బతికించి తెచ్చాను.

చివరికి రాసింది, తక్కువలో తక్కువ ఒకరు, ఎక్కువలో ఎక్కువ ఏడుగురు.

హాజరు

సర్పంచ్‌కు కాగితం చూపించాను. మంచి మనిషి, మర్యాదస్తుడు. చదివి కాగితాన్ని మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"మూడొందలు ఉన్నదాన్ని ఏడుకు దించితే మా ఊరి పరువేం కావాలండీ? పక్కూరి బోర్డు మీద అయిదొందలుంది" అన్నాడు. రేపు అక్కడికీ పోతున్నానని చెబితే కాస్త ఊరట చెందాడు. అయినా ఊరు ఒప్పుకోదు, అందరి ముందూ మీరే చెప్పండి అన్నాడు. పసుపు రాసే రోజు రమ్మన్నాడు.

ఆ రోజు వాగొడ్డున ఊరంతా ఉంది. వీరమ్మ నీళ్ల కడవతో ఎప్పటిలాగే దూరంగా నిలబడింది. తప్పు చదివింది నేనేనని ముందు ఒప్పుకున్నాను. రాయి ఒక్క మనిషిదని చెబితే గుసగుసలు బయల్దేరాయి. మావాళ్లు చావలేదంటే పారిపోయారనా మీ ఉద్దేశం అని ఒక పెద్దాయన కోప్పడ్డాడు. ఎంత చెప్పినా వినేలా లేరు. అప్పుడు సంచిలోంచి పట్టీ నకలు తీసి, దీపాల గది సంగతి చెప్పాను. మా నాన్న పద్ధతిలో, దండు పోయివచ్చినవాళ్ల ఇంటిపేర్లు చదువుతాను, మీ ఇంటిది వస్తే చెప్పండి అన్నాను. పట్టీ కాలువ మొదటినుంచి చివరిదాకా చేల వరసలో ఉంది.

మొదటి పేరు చదివాను, ఎవరూ పలకలేదు. రెండోది చదివాను, ఎవరో దగ్గారు. మూడో ఇంటిపేరు సర్పంచ్‌ది. ఆయన మెడ గోక్కున్నాడు. దూరంనుంచి వీరమ్మ గొంతు వినిపించింది.

"చెప్పయ్యా సర్పంచా. మీ తాత వచ్చిండా, రాలేదా? రాకపోతే కాలువల పూడిక ఎవరు తీసిండ్రు?"

ముందు ఆడవాళ్లు నవ్వారు, తరవాత అందరూ. సర్పంచ్ కూడా నవ్వాపుకోలేక, "వచ్చాడులే" అన్నాడు. అట్లా కాదు, మా నాన్న ఒప్పుకోడు అన్నాను. ఆయన గొంతు సవరించుకుని "వచ్చినం" అన్నాడు. రెండో ఇంటివాళ్లు, మాదీ మళ్లీ చదవండి మేడం అని అడిగారు. అక్కడినుంచి ఇక ఆగలేదు. ఇంటిపేరు పూర్తి కాకముందే వచ్చినం, వచ్చినం అని కేకలు. కోప్పడ్డ పెద్దాయన తన వంతు వచ్చేసరికి లేచి నిలబడి, చెయ్యి ఎత్తి మరీ చెప్పాడు. ఒకావిడ పుట్టింటిదీ అత్తింటిదీ రెండింటికీ పలికింది. అందరూ పోయారనుకున్న ఊరు, మనిషి తరవాత మనిషిగా ఇంటికి వస్తోంది. గంటకు పైగా చదివాను, గొంతు ఎండిపోయింది, నా ఉద్యోగంలో అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

వీరమ్మ వాళ్ల పొలం చెక్క కాలువ చివర ఉంది, కాబట్టి వాళ్ల ఇంటిపేరు పట్టీలో ఆఖరిది. అది చదివాను. జవాబు రాలేదు. అందరూ వెనక్కి తిరిగారు. ఆమె కడవ దించి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా రాయి వైపు నడుస్తోంది. దారి ఇవ్వమని ఎవరూ చెప్పలేదు, జనమే పక్కకు జరిగారు. పసుపు గిన్నె పట్టుకున్న కోడలు పిల్ల సర్పంచ్ వైపు కూడా చూడకుండా గిన్నెను ఆమె చేతిలో పెట్టింది. వీరమ్మ రాయికి రెండు చేతులతో పసుపు రాసి, చేతులు రాయి మీదే ఉంచి, నావైపు తిరిగింది.

"వచ్చినం" అంది.

నేను పట్టీలో ఆ పేరు పక్కన టిక్కు పెట్టాను.